ఊరు దాటని జ్వరం

ఆ ఆసుపత్రి ల్యాబులో ఆవిడ అసలు పేరు ఎవరూ వాడరు. అందరికీ ఆవిడ "ఇంకోసారమ్మ". ఏ స్లైడు చూసినా "ఇంకోసారి చూద్దాం" అనడం, పక్కవాళ్లు తలపట్టుకోవడం ఇరవై రెండేళ్లుగా నడుస్తున్నదే. ఉన్నచోట కుదురుగా ఉండలేని మనిషి.

ఆ సోమవారం ఒక రక్త నమూనా దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు వందకు నలభై ఉన్నాయి. మామూలుగా నాలుగైదు దాటవు. ఒంట్లో పురుగు చేరితే అవి అలా ఎగబడతాయి. కాగితం తిప్పి చూసింది. బట్టలు కుట్టే ఆవిడ. నెల్లాళ్లుగా జ్వరం, కుడి డొక్కలో నొప్పి. స్కానింగులో కాలేయంలో మచ్చలు. క్యాన్సర్ అనుమానంతో గురువారం ఆపరేషన్.

పెద్ద డాక్టరు గది గుమ్మంలో నిలబడింది. "సార్, ఇది పురుగేమో."

"మలపరీక్ష రెండుసార్లు మీరే చేశారు కదమ్మా, ఏమీ లేదన్నారు. పైగా ఆవిడ ఊరే దాటలేదు. పురుగు ఎలా వస్తుంది, పోస్టులోనా?"

చేసింది తనే, నిజమే. ఆ మాటతో కాలు అసలు నిలవలేదు. నేరుగా వార్డుకు వెళ్లింది.

"ఈ మధ్య ఎక్కడికైనా వెళ్లొచ్చారా అమ్మా?"

"అందరూ అదే అడుగుతారు! నేను తొక్కిన మిషను రోడ్డెక్కితే ఈపాటికి భూమి చుట్టొచ్చేదాన్ని. కుర్చీ మాత్రం అంగుళం కదల్లేదు." కుట్టుపని ఆవిడ నవ్వబోయి డొక్క పట్టుకుంది.

"పోనీ, పచ్చిగా ఏమైనా తింటారా?"

"ఇంటి వెనక కాలవలో ఘాటుగా ఒక ఆకు పెరుగుతుంది. మా ఆయన చిన్నప్పట్నుంచీ తింటాడు. నాకు ఈ ఏడే అలవాటు చేశాడు."

"ఆ గట్టున గొర్రెలు మేస్తాయా?"

"మందలు మందలు!"

ఇంకోసారమ్మకు చప్పున గుర్తొచ్చింది. ఎప్పుడో పరీక్ష రాసి మరిచిపోయిన పాఠం. గొర్రెల కాలేయంలో ఉండే పురుగు నీళ్లలోకి, నత్తల్లోకి, అక్కణ్నుంచి నీటి ఆకుల మీదికి చేరుతుంది. మనిషిలో చేరిన కొత్తలో అది కాలేయాన్ని తొలుచుకుంటూ పోతుందే తప్ప గుడ్లు పెట్టదు. మలంలో కనపడనిది అందుకే. మరి ఏళ్ల తరబడి తిన్నవాడిలో?

స్టూలు మీద కూర్చున్న భర్త వైపు తిరిగింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. "నాకేం రోగం? గుండ్రాయిలా ఉన్నాను!"

"గుండ్రాయైనా సరే, రేపు పొద్దున మలపరీక్షకు డబ్బా తెచ్చివ్వండి."

మంగళవారం ఏమీ కనపడలేదు. బుధవారం మధ్యాహ్నం, ఏడో స్లైడులో, పసుపు రంగులో పెద్ద గుడ్డు కనిపించింది. ఒక కొసన చిన్న మూత. ఆవిడ మెట్లెక్కి పరిగెత్తి డాక్టరును వెంటబెట్టుకొచ్చింది.

ఆయన చాలాసేపు చూశాడు. "ఇది భర్తది కదా, ఆవిడది కాదుగా?"

"ఇద్దరూ తినేది ఒకే కాలవ ఆకు సార్."

ఆపరేషన్ ఆపారు. పురుగును పట్టిచ్చే రక్తపరీక్ష కోసం నమూనా బయటికి పంపారు. ఫలితం రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఒకవేళ అది క్యాన్సరే అయితే? తన వల్లే ఆలస్యమైతే? ఇంకోసారమ్మ ఆ స్లైడునే మళ్లీ మళ్లీ చూసుకుంది. ఎనిమిదో రోజు రిపోర్టు వచ్చింది. పురుగే. భార్యాభర్తలిద్దరికీ మాత్రలిచ్చారు. వారంలో ఆవిడ జ్వరం దిగింది, మూడు నెలలకు మచ్చలు చిన్నవయ్యాయి. ఆకు తినిపించిన భర్త మాత్రం చాన్నాళ్లు ఇంట్లో తలెత్తలేదు.

ఇంకోసారమ్మకు మాత్రం స్థిమితం చిక్కలేదు. ఇన్నేళ్లలో ఇలాంటివాళ్లను ఎంతమందిని వదిలేసిందో! ఒక ఆదివారం పాత రిజిస్టర్లు ముందేసుకుని, ఆ తెల్లకణాలు ఎక్కువగా ఉన్న పదకొండు పేర్లు రాసుకుని ఫోన్లు మొదలుపెట్టింది. నాలుగో నంబరుకు ఒకావిడ పలికింది.

"మా ఆయన పోయి రెండేళ్లయిందమ్మా. కాలేయం పాడైందన్నారు."

ఆయన తిన్నదే ఈవిడా తిని ఉంటుంది. ఇంకోసారమ్మ మెల్లగా అడిగింది, "మీరెలా ఉన్నారమ్మా? ఒకసారి ఆసుపత్రికి రాగలరా?"