కార్డు మందగించిన వారం

కువైట్‌లోని సల్వాలో నేను పనిచేసే ఇంట్లో చిన్నమ్మాయి కట్టడాల డిజైను చదువుతోంది. తాను గీసిన ఇంట్లో మనం నడిచి వెళుతున్నట్టు కంప్యూటర్లో వీడియో చేసి కాలేజీలో చూపించాలట. పాత గ్రాఫిక్స్ కార్డు అందుకు చాలదని, కొత్తది కొనాలని, నెల రోజులు ఆ ఇంట్లో అదే గోల. రెండు కార్డులు ఎంచుకుని, గోడకు పెద్ద కాగితం అంటించి, గళ్లు గీసి రాసుకుంది. మెమరీ ఎంత, కరెంటు ఎంత తాగుతుంది, ఎంత వేడెక్కుతుంది, సెకనుకు ఎన్ని బొమ్మలు చూపిస్తుంది, అన్నీ. రోజూ ఆ గదిలో దుమ్ము తుడిచేది నేనే. చదువు వచ్చినదాన్ని కళ్లు మూసుకుని తుడవలేను కదా. ఇంటర్ దాకా చదివిన బుర్రను ఇన్నేళ్లుగా మచ్బూస్ అన్నం కొలతలకు తప్ప దేనికీ వాడలేదు. వారం తిరిగేసరికి ఆ కాగితం నాకు కంఠతా వచ్చేసింది.

ఏది తీసుకోమంటావని ఆ పిల్ల నన్నే అడిగేది. ఒక కార్డు వేగంలో ముందుంది, మెమరీ పన్నెండు జీబీ. రెండోది కాస్త నెమ్మది, మెమరీ పదహారు. వేగంగా ఉన్నదే తీసుకోమన్నాను, అంతా తెలిసినదానిలాగా.

హవల్లీలోని కంప్యూటర్ షాపు నుంచి కొలతలు చూడడానికి ఒకాయన వచ్చాడు. కడప ముస్లిం, యాభై దాటి ఉంటాయి. తెలుగు మాట వినగానే పరుగున వెళ్లి టీ పెట్టాను. గోడ మీది కాగితాన్ని ఆయన ఒక్కసారి చూసి వదిలేశాడు. కంప్యూటర్ పెట్టె తెరిచి లోపల జేనతో కొలిచాడు. ఆ పిల్ల చేస్తున్న వాటిలో అన్నిటికన్నా పెద్ద బొమ్మ తెరిపించి, అది ఎంత మెమరీ అడుగుతోందో చూశాడు. ఆమెకు అరబీలో చెప్పి, నావైపు తిరిగి తెలుగులో మళ్లీ చెప్పాడు.

"ఆటలాడుకునేదానికైతే ఆ వేగం కార్డే మేలు చెల్లెమ్మా. ఈ పాప బొమ్మ పద్నాలుగు జీబీ అడుగుతాంది. పన్నెండు దాంట్లో యాడ పట్టిస్తావు? పట్టనిది బయట పెట్టుకుని మోసుకొస్తా ఉంటే ఇంక వేగమెందుకు?"

నెల రోజులుగా గళ్లలో తేలని సంగతిని రెండు ముక్కల్లో తేల్చేశాడు. నా సలహా గాలికి పోయినా కోపం రాలేదు. పని తెలిసిన మనిషిని చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

పదహారు జీబీ కార్డు తెచ్చి బిగించాడు. దాని పనితనం చూసి తీరాలి. మధ్యాహ్నం దుహర్ నమాజు వేళ మొదలుపెడితే సాయంత్రం అసర్ దాకా సాగే బొమ్మ, ఇప్పుడు నేను నాలుగు ఉల్లిపాయలు తరిగేలోగా అయిపోయేది. తెర మీద ఎండ మెట్ల పైన పడి, గాజు తలుపులోంచి లోపలికొచ్చి, గచ్చు మీద పల్చగా పరుచుకునేది. రెండు ఇటుకలంత లేని వస్తువు, లేని ఇంట్లో ఎండ ఎలా పడుతుందో లెక్కగట్టి చూపిస్తోంది. చేతిలో చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయేదాన్ని.

తర్వాత దుమ్ము తుఫాను వచ్చింది. కిటికీలు ఎంత బిగించినా మంచాల మీద కూడా సన్నటి ఇసుకే. నా ప్రాణమంతా ఆ పెట్టె మీదే ఉంది. మా కోనసీమలో టీవీకీ మిక్సీకీ ఫ్రిజ్‌కీ తొడుగు కుట్టకపోతే ఇల్లాలికి నిద్ర పట్టదు. పాత కర్టెన్ గుడ్డతో, అంచుకు లేసు కూడా వేసి, పెట్టె పైభాగం, వెనక భాగం కప్పేలా తొడుగు కుట్టి తొడిగాను. పెట్టె ఉండేది బల్ల కింద కాబట్టి ఆ పిల్ల పట్టించుకోలేదు. నేను మాత్రం వచ్చిపోయినప్పుడల్లా చూసుకుని మురిసిపోయాను.

ఆ వారంలోనే కార్డు మందగించింది. ఆమె పరీక్ష నడిపి చూస్తే, కాగితం మీద రాసుకున్న అంకెలో మూడింట రెండు వంతులు కూడా రాలేదు. ఎవరో వాడి అరగదీసిన కార్డును కొత్తదని అంటగట్టారని, అందుకే వారానికే నీరసించిందని ఆమె నిర్ణయించుకుంది. వెళ్లి మామాకు, అంటే ఇంటి యజమానురాలైన వాళ్లమ్మకు చెప్పింది. మామా షాపు యజమానికి ఫోన్ చేసి కడిగేసింది.

మర్నాడు మధ్యాహ్నం కడప ఆయన వచ్చాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. వంటింటి గుమ్మం దగ్గర ఆగి మెల్లగా అన్నాడు.

"పాత కార్డని తేలితే ఈ పొద్దే ఖలాస్ అన్నాడమ్మా మా కఫీల్. ఇఖామా రద్దు చేసి ఊరికి పంపిస్తాడంట."

షాపు యజమానే ఆయనకు కఫీల్, ఇక్కడ ఉండడానికి ఇఖామా అనే అనుమతి ఇప్పించినవాడు. ఆయన ఈ దేశంలో ఉండాలో వెళ్లాలో తేల్చేది ఆ ఒక్క మనిషే.

టీ పట్టుకుని గదిలోకి వెళ్లాను. ఆయన పరీక్ష మళ్లీ నడుపుతున్నాడు. వేగం అంకె చూడడం లేదు, దాని పక్కన ఉన్న వేడి అంకె చూస్తున్నాడు. ఎనభై ఏడు. ఫ్యాన్లు రొద పెడుతున్నాయి. అంతలో మామా పిలిస్తే ఆ పిల్ల బయటికి వెళ్లింది. ఆయన బల్ల కిందికి వంగి, పెట్టె వెనక చెయ్యి పెట్టి, తొడుగు ఎత్తాడు. లోపలి వేడి గుప్పున నా పాదాలకు తగిలింది. లేసు వైపు చూశాడు, నా వైపు చూశాడు. గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

తెర మీద వేడి దిగడం మొదలైంది. ఎనభై, డెబ్బై నాలుగు, అరవై ఎనిమిది. అది దిగేకొద్దీ సెకనుకు వచ్చే బొమ్మలు పెరుగుతున్నాయి. ఆ కాగితం కంఠతా వచ్చినదాన్ని, ఇంక నాకెవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ పిల్ల తిరిగొచ్చి తెర చూసి ఆగిపోయింది. పూర్తి అంకె వచ్చింది. ఏం చేశావని ఆయన్ని అడిగింది. ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు. ఇంక చెప్పేస్తాడనుకున్నాను. చెప్పకుండా ఎందుకుంటాడు, ఆయన బతుకంతా ఆ మాట మీదే ఉంటే? ఆయన చెప్పాక ఒప్పుకుంటే నేను దొంగలా నిలబడాలి. ముందే చెబితే పరువైనా దక్కుతుంది. ఇంత లెక్క వేసుకునే నోరు తెరిచాను. తొడుగు వేసింది నేనని, గాలి ఆడక కార్డు ఉడికిపోయిందని, ఆయన తప్పేమీ లేదని వచ్చీరాని అరబీలో చెప్పేశాను.

ఆమె గుడ్డను చూసి, తల పట్టుకుని కుర్చీలో కూలబడింది. తర్వాత లేచి ఆయనకు క్షమాపణ చెప్పింది. మామా చేత షాపు యజమానికి అప్పటికప్పుడే ఫోన్ చేయించింది. మామా నన్ను రెండు కేకలు వేసి, మళ్లీ తనే, నిజం దాచని మనిషి మా ఇంట్లో ఉందని ఫోన్లో చెప్పడం మొదలుపెట్టింది. నేను తల వంచుకుని విన్నాను, కొంచెం గర్వంగానే.

గేటు దాకా ఆయనతో వెళ్లాను.

"మీరెలాగూ చెప్పేస్తారు కదండి అన్నయ్యా, ఈలోగా నేనే చెప్పేద్దామని తొందరపడ్డాను" అన్నాను.

ఆయన చెప్పులు వేసుకుంటూ తలెత్తాడు. "నేను యాడ చెప్పేవాణ్ణి చెల్లెమ్మా? నీ పేరు చెప్తే ఈ ఇంట్లో నీ పని పోదా? దుమ్ము అడ్డం పడిందని చెబ్దామనుకుంటి."

"వాళ్లు నమ్మకపోతేనండి?"

"నమ్మకుంటే ఇంటికి పోయేవాణ్ణి" అని, సంచి భుజానికి తగిలించుకుని బస్సు కోసం రోడ్డు దాటాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. నేను లోపలికి వచ్చేసరికి మామా ఇంకా ఫోన్లో నన్నే మెచ్చుకుంటోంది.