అట్టలక్క చేర్చిన పుస్తకం

నగర గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలను కుట్టి అట్టలు వేసే ఆవిడను అందరూ అట్టలక్క అనేవారు. మెట్ల కింద గది, పొడవాటి బల్ల, జిగురు డబ్బా, ముప్ఫై ఏళ్ల ఉద్యోగం. చదువు ఎనిమిదితోనే ఆగింది గానీ, చేతికొచ్చిన పుస్తకాన్ని చదవకుండా కుట్టిన పాపాన పోలేదు. పాటల గురించిన పుస్తకమైతే మరీను, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కూడా మరిచిపోయేది.

ఊరి పాటల చరిత్ర తెలియాలంటే ఏమేం చదవాలో ఒక జాబితా వేద్దామని ఆ ఏడాది గ్రంథాలయం వాళ్లకు బుద్ధి పుట్టింది. ఒక ప్రొఫెసర్ పన్నెండు పుస్తకాలు ఎంచారు. ప్రదర్శనలో పెట్టే ముందు అవి మరమ్మతుకు అట్టలక్క దగ్గరికి వచ్చాయి. అన్నీ కుట్టి తనే మోసుకెళ్లింది.

"సార్, ఈ లావుపాటిది మాత్రం పెట్టకండి. సగం ఇంకో పుస్తకంలోంచి ఎత్తిందే" అంది.

ప్రొఫెసర్ కళ్లజోడు సవరించుకున్నారు. "ఇరవై ఏళ్లుగా దీన్నే పాఠం చెప్తున్నానమ్మా."

"మీరు చదివారు సార్. నేను విప్పి కూడా చూశాను."

గబగబా కిందికెళ్లి ఒక సన్నటి పుస్తకం తెచ్చింది. ఒక హార్మోనియం కళాకారిణి తన సంగతులన్నీ రాసి, లావుదానికి ఎన్నో ఏళ్ల ముందే సొంతంగా అచ్చువేసుకున్నది. చిత్తుకాగితాల మూటలో దొరికితే అట్టలక్కే అట్ట కట్టింది. గ్రంథాలయం లెక్కలో చేర్చి నంబరు వేయమని మూడుసార్లు అడిగినా ఎవరూ చెవిన పెట్టలేదు.

రెండూ పక్కపక్కన తెరిచింది. సన్న పుస్తకంలో అచ్చువేసినవాడి పొరపాటున ఒక వాక్యం రెండుసార్లు పడింది. లావు పుస్తకంలోనూ అదే వాక్యం, రెండుసార్లూ!

"అచ్చుతప్పుతో సహా దించేశాడే!" అని ప్రొఫెసర్ పకపకా నవ్వేశారు. ఆ నవ్వులో కాస్త సిగ్గు కూడా ఉంది. లావుదాన్ని కొట్టేసి, సన్నదాన్ని జాబితా మొదట్లో రాశారు. "ఇంకా ఏమేం ఉన్నాయమ్మా?" అని కుర్చీ ఆమె వైపు జరిపారు. అట్టలక్క వేళ్ల మీద లెక్కపెట్టి ఇంకో ఏడు పుస్తకాలు చెప్పింది.

అచ్చయిన జాబితా మీద ఎంపిక చేసినవారి పేర్లు రెండున్నాయి. ఆవిడదే ముందు.

ప్రదర్శన రోజు చేతికర్ర పట్టుకుని ఒక ముసలావిడ వచ్చింది. "ఇది మా అమ్మ పుస్తకం. ఒక్క ప్రతి కూడా మిగల్లేదనుకున్నాను" అంది. అట్టలక్క పుస్తకం ఆమె చేతిలో పెట్టింది. మొదటి పేజీలోని పాట చూస్తూనే ముసలావిడ గొంతెత్తి పాడింది. నిశ్శబ్దం అని రాసిన బోర్డు కిందే. గ్రంథాలయాధికారే ముందుగా చప్పట్లు కొట్టారు.