సార్‌కి వాసన తెలియని రోజులు

సికింద్రాబాద్‌లో సొంతంగా బీరు తయారుచేసుకునే ఒక చిన్న పబ్బులో ల్యాబు పనికి చేరినప్పుడు, మా అమ్మ వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. శ్రీకాకుళం నుంచి వచ్చి సీతాఫల్‌మండిలో స్థిరపడిన కుటుంబం మాది. మైక్రోబయాలజీ చదివిన కూతురు బీరు ట్యాంకుల మధ్య తిరగడం ఆవిడకి మింగుడుపడలేదు. "తాగనమ్మా, వాసన చూస్తానంతే" అన్నాను. నిజంగానే అక్కడ నేను ఎక్కువగా చేసింది అదే.

పని నేర్పింది బీరు తయారీ చూసుకునే పెద్దాయన. బోయిగూడలో పుట్టి పెరిగిన మనిషి, యాభై దాటాయి. సార్ అని పిలిచేదాన్ని. మొదటిరోజే మూడు రకాల బీరు గ్లాసుల్లో పోసి వరసగా పెట్టి, "అన్నీ నల్లగనే ఉన్నయ్ గదా? జెర కిటికీ దగ్గర పట్టి చూడు" అన్నారు. వెలుతురులో ఒకటి రాగిరంగుకి తిరిగింది. అది డంకెల్, కాల్చిన బ్రెడ్డు అంచు వాసన. రెండోది పోర్టర్. అంచుల్లో దానిమ్మ ఎరుపు, కోకో వాసన. మూడోదైన స్టౌట్‌లోకి వెలుతురు అసలు దూరలేదు. నురగ కూడా లేత గోధుమరంగే. ముక్కు దగ్గర పెట్టుకోగానే నాన్న మర పట్టించి తెచ్చే కాఫీపొడి గుర్తొచ్చింది. ఆ మాటే చెప్పాను.

"గిదే కావాలె" అని సంబరపడ్డారు. "పుస్తకం మాటలొద్దు. నీకేం యాదికొస్తే అది చెప్పు."

ఏడాది తర్వాత సార్ జ్వరమొచ్చి పది రోజులు రాలేదు. వచ్చాక ఒక మధ్యాహ్నం కొత్త స్టౌట్ గ్లాసులో పట్టి, రంగు చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "మస్తుంది, పంపుదాం" అన్నారు. నేనూ చూశాను. నలుపు, నురగ బాగానే ఉన్నాయి. వాసన మాత్రం సినిమాహాల్లో పాప్‌కార్న్ మీద పోసే వెన్నలా ఉంది. అంటే బీరుని పులియబెట్టే ఈస్టు పని ఇంకా పూర్తికాలేదు.

"సార్, వెన్న వాసనొస్తోందండి."

ఆయన మళ్ళీ వాసన చూశారు, చాలాసేపు. తర్వాత లేచి తలుపు మూశారు.

"జ్వరమొచ్చిన కాడికెల్లి ఏ వాసనా తెలుస్తలేదమ్మా. సబ్బు సుత తెలుస్తలేదు. ఎవ్వరికీ చెప్పలే. చెప్తే నౌకరీ ఉంటదా?"

"రంగు మీరు చూడండి, వాసన నేను చెప్తాను" అనేశాను.

ఆ స్టౌట్‌ని ఇంకో నాలుగు రోజులు ట్యాంకులోనే ఉంచాం. మూడు నెలలు అలాగే గడిపాం. ఆయన కళ్ళు మూసుకుని వినేవారు, నేను చెప్పేదాన్ని. దాచడం మాత్రం ఇద్దరికీ బరువుగానే ఉండేది.

ఒకరోజు ఓనరు వచ్చి, పోర్టర్ చాలా బాగుందని, "నీ ముక్కుకి తిరుగులేదు" అని సార్‌ని మెచ్చుకున్నాడు. సార్ "ముక్కు నాది కాదు, ఈ అమ్మాయిది" అని అంతా చెప్పేశారు. ఓనరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ముందే చెప్పొచ్చు కదా" అన్నాడు. అంతే. ఇద్దరం పనిలోనే ఉన్నాం.

తర్వాత ఆయనకి కొన్ని వాసనలు తిరిగొచ్చాయి, కొన్ని రాలేదు. ఆ పబ్బు ఇప్పుడు లేదు. నేను ఇంకోచోట చేస్తున్నాను, ఆయన బన్సీలాల్‌పేట్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. పోయిన నెల వెళ్తే భోజనం పెట్టించి, సాయంత్రం దాకా కదలనివ్వలేదు.