వెర్నా కాగితం మీద పది చిల్లులు

వెర్నా ఓస్బీ మోంటానాలో మట్టిరోడ్లు చదునుచేసే గ్రేడర్ బండి నడిపేది. తూర్పు మైదానాల గాలి ఎలాంటిదంటే, ఇక్కడ ఆరేసిన చొక్కా పక్క జిల్లాలో ఎవరి ఒంటిమీదో కనిపిస్తుంది. ఆ గాలిలోనే ప్రతి బుధవారం సాయంత్రం ఆడవాళ్లను పోగేసి ఊరి తుపాకుల క్లబ్బు రేంజిలో, అంటే కాల్పుల మైదానంలో, గురి నేర్పేది. క్లబ్బుకున్న సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఒక్కటే. ఒకరు కాలుస్తుంటే పదిమంది కాఫీ తాగుతూ కూర్చునేవారు. కొందరు రావడమే మానేశారు. ఇంకో ఏడాది ఇలాగే ఉంటే బుధవారం మూతపడుతుందని వెర్నాకు తెలుసు.

పాన్‌కేకులు అమ్మి క్లబ్బు కొంత డబ్బు కూడబెట్టింది. దాంతో ఆరువందల డాలర్ల రైఫిళ్లు నాలుగు కొనవచ్చు, లేదా మేలైనది ఒకటి. వెర్నా నాలుగు కావాలంది. ట్రాక్టర్లు అమ్మే ఆమె మరిది మెరిట్ ఒక్కటే చాలన్నాడు.

“చౌక రైఫిల్ రెండు చలికాలాలకే చేతిలో ఊడొస్తుంది వదినా.”

“నువ్వమ్మిన ట్రాక్టరు ఒక్క చలికాలానికే ఊడింది కదా మరిదీ!”

క్లబ్బు పెద్ద లోవెల్ తగవు తీర్చాడు. శనివారం అందరి ముందు వంద గజాల దూరంలో చెరో అయిదు తూటాలు కాల్చాలి. గెలిచినవారి మాటే క్లబ్బు మాట.

వెర్నా తన ఆరువందల రైఫిల్ తెచ్చుకుంది. మెరిట్ తెచ్చిన ఖరీదైన రైఫిల్ మీది స్కోపులో, అంటే దూరాన్ని దగ్గరగా చూపే గొట్టంలో, ఈగ రెక్క మీది గీతలు కూడా లెక్కపెట్టవచ్చు. ఇద్దరూ పక్కపక్క బల్లల దగ్గర కూర్చుని కాల్చారు. రైఫిళ్లు ఖాళీ చేసి, అందరూ కలిసి కాగితాల దగ్గరకు నడిచారు.

మెరిట్ కాగితం మీద ఒక్క చిల్లూ లేదు. వెర్నా కాగితం మీద పది ఉన్నాయి.

“నీ తూటాలింకా దారిలో ఉన్నాయేమోరా!” అని వెనకనుంచి ఎవరో అరిచారు.

ఆ స్కోపు ఎంత దగ్గరగా చూపించిందంటే, అద్దమంతా కాగితమే నిండి, అది ఏ బల్లదో చెప్పే కింది అంకె మెరిట్‌కు కనబడక పక్కనున్న వెర్నా కాగితాన్నే కాల్చాడు. ఇలాంటప్పుడు క్లబ్బులో పాత నియమం ఒకటుంది. పక్కవాడి కాగితాన్ని కాల్చినవాడికి సున్నా, కాగితం ఎవరిదో వారికి అందులోని మంచి అయిదు.

“అన్యాయం లోవెల్! ఆ అయిదు చిల్లుల గుంపు చూడు, నాణెం పెడితే కనబడదు. అవి నావి!”

“నీవే,” అంది వెర్నా. “నావి అరచెయ్యంత మేర చెదిరాయి. నీ రైఫిల్ మంచిదని నేనెప్పుడు కాదన్నాను? కానీ మరిదీ, అది ఎంత మంచిదైనా ఒకసారి ఒకరే కదా కాల్చేది.”

లోవెల్ గొంతు సవరించుకున్నాడు. “రూలు రూలే మెరిట్. పెట్టింది కూడా మీ నాన్నే.”

నాలుగు రైఫిళ్లూ ఖాయమయ్యాయి. మెరిట్ టోపీ విసిరికొట్టాడు. దాన్ని గాలి తీసుకుపోయింది.

జనం తగ్గాక వెర్నా అతని బల్ల దగ్గరకు వచ్చింది. “నీ రైఫిల్ ఒకసారి ఇటివ్వు మరిదీ.”

అయిదు తూటాలు కాల్చి, ఒక్కతే నడిచి వెళ్లి కాగితం చూసుకుంది. జేబులోంచి నాణెం తీసి పెట్టి చూసింది, అయిదు చిల్లులూ దాని కింద దాగిపోయాయి. తర్వాత కాగితాన్ని మడిచి కోటు జేబులో పెట్టుకుంది.

“ఎలా వచ్చాయి వదినా?”

“గాలెక్కువగా ఉంది,” అంది వెర్నా.