నల్లబండ మీద తెల్లమరక

ఇప్పుడంటే వంటింటి బండ కోసం ఆడామగా కలిసి నాలుగు ఊళ్లు తిరుగుతున్నారు గానీ, ఆ రోజుల్లో ఇంట్లో ఏ రాయి పరవాలో ఆడవాళ్లను అడిగిన పాపాన ఎవరూ పోలేదు. మగవాళ్లు బండి కట్టుకుని పోయి తెచ్చేవాళ్లు. దాని మీద కూర్చుని జీవితమంతా వండి వార్చేది మాత్రం మేము. అలాంటిది, నేను ఆళ్లగడ్డకు కాపురానికి వచ్చిన రెండో ఏడు వంటిల్లూ, జాలాడీ (స్నానాల గదిని మా వైపు అలాగే అంటాం) కొత్తగా కట్టిస్తూ మా మామ నన్ను పిలిచాడు. "నంద్యాలకు మీ నాయన ఇంటికి పోతాండావు గదమ్మే. ఆడ టేసన్ కాడ బండలు అమ్ముతారు. వంటింటికి ఏవి కావల్లనో నువ్వే ఏరు. అవి బాగుంటే జాలాడి బండలూ నువ్వే ఏరుదువు" అన్నాడు. సంగటి కెలుకుతున్న మా అత్త చెయ్యి ఆపి ఒకసారి ఆయన మొహం, ఒకసారి నా మొహం చూసింది. ఆమెకు ఒళ్లు మండిందనుకున్నాను. పద్దెనిమిదేళ్ల తలకాయకు అంతకన్నా ఏం తోస్తుంది!

నంద్యాలలో బండలమ్మే సాయిబు తాత దగ్గర రెండు రకాలున్నాయి. ఒకటి బేతంచెర్ల నుంచి రైల్లో దిగిన బూడిదరంగు గరుకు బండ. రెండోది నిగనిగలాడే నల్లబండ. వంగి చూస్తే నా ముక్కుపుడకతో సహా నేను కనిపించాను. ఇంకేముంది, మనసు పారేసుకున్నాను. తాత తల అడ్డంగా ఊపాడు. "అది నూనె పట్టించిన మెరుపు బేటీ, నాలుగు దినాలే. చెప్పులిడ్సి, నీళ్లు చల్లి తొక్కి చూడు. ఇంత చింతపులుసు ఏసి చూడు. మొగం చూసుకోని బండ ఏరేదేంది?" అన్నాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది. "నాకు తెలీదా తాతా? నేను నంద్యాలదాన్ని" అన్నాను. "నేనూ నంద్యాలోన్నే గదమ్మా" అన్నాడు పాపం ఆయన. అయినా నేను చెప్పులు విప్పలేదు. (కొత్త చెప్పులు. వాటిని పదిమందీ చూడాలి కదా!)

బండలు పరిచాక వారం రోజులు నేను నేల మీద నడవలేదనుకోండి. వీధిలోని ఆడవాళ్లంతా వచ్చి చూసిపోయారు. ఎనిమిదో రోజు పప్పుచారులోకి పిసికిన చింతపండు రసం చట్టి నా చేతిలోంచే జారి బోర్లాపడింది. తుడిచేశాను. తెల్లారి చూద్దును కదా, పొయ్యికి ఎదురుగా, నల్లటి బండ మీద కంచమంత తెల్లమరక! తవుడుతో తోమాను, కిరసనాయిలుతో రుద్దాను, దేవుడికి మొక్కుకున్నాను కూడా. అది చెక్కుచెదరలేదు. చివరికి నా బుర్రలో గొప్ప ఉపాయం మెరిసింది. దీపం మసి ఆముదంలో కలిపి, రోజూ పొద్దున్నే ఎవరూ లేవకముందే ఆ మరకకు కాటుక దిద్దడం మొదలుపెట్టాను. మెరుపు మళ్లీ వచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నాలుగు రోజులు బాగానే సాగింది. అయిదో రోజు మా మామ ఎవరిదో పెళ్లి సంబంధం మాట్లాడటానికి పెద్దమనిషిగా పోవాలి. ఉతికిన తెల్లపంచె కట్టుకుని, "బేగా పెట్టండి" అంటూ పీట కూడా వేసుకోకుండా సరిగ్గా అక్కడే చతికిలబడ్డాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. తిని, మూతి తుడుచుకుని, పంచె వెనక ఇంత నల్లటి చందమామతో ఊరంతా నడిచిపోయాడు. గంట తిరక్కముందే వీధిలోంచే మామ కేకలు. "పెద్దమనిసినని పోతే నవ్వులపాలు చేస్తిరి గదే! ఏందప్పా, ఎనక కూడా బొట్టు పెట్టుకున్యావు అంటాండారు ఆడ! ఎవురు ఏరింది ఈ బండను? అడిగిందే నాది తప్పు. జాలాడి బండలు నేనే తెస్తా!"

నేను తలుపు వెనక నక్కాను. ఇంక ఈ ఇంట్లో నన్ను ఉప్పు ఎంతెయ్యాలో కూడా అడగరని ఏడుపొచ్చింది. మా అత్త చేట పక్కన పెట్టి నిదానంగా లేచింది. "నల్లబండే తెమ్మని పిల్లకు చెప్పింది నేను. అది గరుకుదే తెస్తానన్నది. మసి పూసింది కూడా నేనే. అరిస్తే నా మీద అరుచు" అంది. నేను మసి పూయడం ఆమె ఎప్పుడు చూసిందో! జీవితంలో అబద్ధమాడని మనిషి! మామ పంచె మార్చుకోవడానికి పోయాడు.

అంతా సద్దుమణిగాక నేను ఆమె పక్కన కూర్చుని, "ఎందుకట్ల చెప్పినావత్తా?" అన్నాను. ఆమె నా వైపు చూడకుండానే బియ్యం చెరుగుతూ చెప్పింది. "ఇరవై ఐదేండ్లయితాంది నేనొచ్చి. ఏ రాయి కావల్లనే అని నన్ను ఒగనాడూ అడగలేదు. నిన్ను అడిగిరి. నువ్వు తప్పు ఏరినావంటే మల్ల ఎవుర్నీ అడగరు." ఆనాడు సంగటి కెలకడం ఆపి ఆమె చూసిన చూపు ఏమిటో నాకప్పుడు తెలిసింది. ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చేశాను. "లెయ్, బియ్యంలో పడతాయి" అంది.

జాలాడి బండలకు మళ్లీ నన్నే పంపారు. ఈసారి ఆమెనూ వెంటబెట్టుకుని పోయాను. చెప్పులు గడప బయటే విడిచి, ఇద్దరం చీరలు పైకి దోపుకుని తడిబండల మీద అటూ ఇటూ నడుస్తుంటే సాయిబు తాత పడీపడీ నవ్వాడు. మా అత్త కొంగుముడిలో చింతపండు కూడా తెచ్చింది మరి!

వంటింటి మరక మాత్రం అట్లే ఉండిపోయింది. కొత్తవాళ్లెవరైనా లోపలికొస్తే చాలు, మా అత్త గబగబా పోయి సరిగ్గా దాని మీదే కూర్చునేది, వాళ్లు పోయేదాకా లేచేది కాదు. ఆమె పోయి చాలా ఏళ్లయింది. నేను మాత్రం దాన్ని కప్పను. వచ్చినవాళ్లందరినీ పొయ్యి ముందుకు పిలిచి, "ఇది మా అత్త చోటు" అని చూపిస్తాను.