తీగె పలకని పొద్దు

దేవరాజు చనిపోయినప్పుడు ఆయప్ప గురించి చర్చిలో పాస్టరు మంచి మాటలే చెప్పినాడు. శాంతమూర్తి అన్నాడు, భక్తిపరుడన్నాడు. నన్ను చెప్పమనుంటే తిట్టుతో మొదలుపెట్టుందును. ఒకప్పుడు ఆయప్ప పేరు ఇనబడితే సాలు, తిట్టకుండా ఉండకపోతిని.

ఆయప్పది చాగలమర్రి పక్క పల్లె, కిరస్తానమోళ్లు. నంద్యాలలో ఐటిఐ చదివినాడు. ఆళ్లగడ్డ దారిలో చక్కెర ఫ్యాక్టరీ పెట్టినప్పుడు ఆడ కరెంటు బోర్డుల కాడ పనికి కుదిరినాడు. పొడుగు మనిషి, జేబులో ఎప్పుడూ టెస్టరు. నవ్వేది మాత్రం తెలీదు. మా ఆయన తిరుపాలు సబ్‌స్టేషనులో లైన్‌మ్యాను.

ఫ్యాక్టరీకి కరెంటు పుట్టించే సొంత టర్బైను ఉండె. చెరుకు పిప్పి కాల్చి దాన్ని తిప్పుతారు. అదొక్కటే గానుగలకు సాలదు గాబట్టి ఆ కరెంటూ సర్కారు కరెంటూ ఒకే లైనులో కలిపినారు. అందుకే లైను మీద పనుంటే సబ్‌స్టేషనులో స్విచ్చి తీస్తే సాలదు, ఫ్యాక్టరీలో గూడా తీయాల. లేకపోతే ఆ పక్కనుంచి కరెంటు వస్తానే ఉంటాది. దానికోసరం రెండు బోర్డుల మధ్య సన్న తీగె లాగినారు. ఈడ స్విచ్చి తీస్తే తీగె గుండా కబురు పోయి ఆడి స్విచ్చిని పడేస్తాది. మిగతా టయములో ఆ తీగె ఊరికే ఉంటాది. ఆ రెండు బోర్డులకూ అట్లా మాట కలిపింది దేవరాజే.

డెబ్బై తొమ్మిదిలో ఒకనాడు గాలివాన కొట్టింది. ఆ తీగె యాడో తెగింది. ఎవరికీ తెలీలేదు. ఫ్యాక్టరీకి ఫోను చేస్తే అదీ పలకల్యా. ఫోను మూగబోయేది మాకేమన్నా కొత్తనా! ఏదన్నా తేడా ఉంటే ఫ్యాక్టరీవోళ్లు మనిషిని పంపుతారులే అనుకున్నారు సబ్‌స్టేషనువోళ్లు. మన కాడ అంతే గదా. చెడ్డ కబురైతే మనిషి పరిగెత్తుకోనొస్తాడు, ఎవరూ రాకపోతే అందరూ బాగుండారని. మా ఆయన గూడా అదే నమ్మి, సబ్‌స్టేషనులో స్విచ్చి తీసినాక లైను బాగుచేసేదానికి కంబమెక్కినాడు. లైనులో మిగిలిన కరెంటును భూమిలోకి దించే గొలుసు తగిలించబోతానే కరెంటు పట్టేసింది. కిందికి దించేసరికే లేడు మా ఆయన.

దినాలు కాకముందే దేవరాజు మా ఇంటికొచ్చినాడు. గడప అవతలే నిలబడి, "అమ్మా, ఆ బోర్డు కలిపింది నేనే" అన్నాడు.

"నీ తీగె పలకల్యా, నువ్వెందుకొచ్చి పలుకుతాండావ్? పో!" అని మొగం మీదే తలుపేసినా. చాలాసేపు ఆడనే నిలబడుకోని ఉన్నాడంట. ఉంటే నాకేంది?

ఆ తరువాత సంగతులు నాకు మా మరిది తిరుపతయ్య చెప్పినాడు. వాడూ లైన్‌మ్యానే. ఫ్యాక్టరీ ఇంజనీరు గురవయ్యతో కూర్చోని దేవరాజు ఆ బోర్డుల లెక్క తిరగేసినాడంట. ఇప్పుడు తీగెలో ఎప్పుడూ కరెంటు పారుతానే ఉండాల. "ఉండా, ఉండా" అని ఈడి బోర్డు ఆడి బోర్డుకు చెప్తానే ఉన్నట్లు. ఈడ స్విచ్చి తీసినా, తీగె తెగినా ఆ మాట ఆగిపోతాది. మాట ఆగితే ఫ్యాక్టరీ స్విచ్చి దానంతట అదే పడిపోవాల.

"వాళ్ల పల్లెలో చర్చి గంట కొట్టే ముసలాయప్ప ఒంటరోడంట వదినా. పొద్దున్నే గంట ఇనబడకపోతే జనం ఆయప్ప గుడిసెకు పరిగెత్తుతారంట. అట్లా పెట్టినానన్నాడు" అన్నాడు తిరుపతయ్య.

"ఆ గంట మీ అన్న ఉన్నప్పుడు గుర్తుకు రాల్యానా వానికి?" అని అరిసినా.

ఆ మార్పు ఫ్యాక్టరీకి పెద్ద తలకాయనొప్పి అయింది. గాలి కొంచెం గట్టిగా తోలినా, కొమ్మ విరిగి తీగె మీద పడినా స్విచ్చి పడిపోయె. గానుగలు ఆగె. చెరుకు బండ్లు రోడ్డు పొడుగునా నిలిచె, రసం పులిసిపోయె. రైతులు దేవరాజును అమ్మనా బూతులు తిడతాండ్రి. ఇంటికి పోతే భార్య సలోమి, "అందరితో శత్రుత్వం మనకెందుకు?" అని ఏడ్సె. గురవయ్య గూడా పైవోళ్లకు చెప్పి చెప్పి అలిసిపోయినాడు. చివరికి పెద్ద సార్లు, "ఈ వారంలోగా పాత మాదిరే కలుపు, లేకపోతే పని మానుకో" అని తేల్చేసినారు. తిరుపతయ్య వచ్చి ఈ మాట చెప్పినప్పుడు, నిజం చెప్పాలంటే, నాకే భయమేసింది. కంబాలెక్కేది మరి వీడే గదా.

ఆ వారంలోనే ఒక మధ్యాన్నం, ఎత్తుగా చెరుకేసుకోని వచ్చిన లారీ ఆ తీగెనూ ఫోను తీగెనూ కలిపి తెంపుకోని పోయింది. ఫ్యాక్టరీలో గానుగలు ఆగినాయి. మళ్లా దీని గోల ఏందని అందరూ ఒంటికాలి మీద లేచినారు. చేత్తో స్విచ్చి ఎయ్యమని దేవరాజు మీద పడినారు. ఆయప్ప బోర్డుకు వీపానించి నిలబడినాడంట.

"తీగె పలకల్యా. ఆడ ఏం జరుగుతాండాదో మనకు తెలీదు. మనిషి పోయి చూసొచ్చేదాకా ఎయ్యను."

ఎవడో చొక్కా పట్టి లాగినాడు. చొక్కా చిరిగింది గానీ మనిషి కదల్యా. గురవయ్య సైకిలిచ్చి ఒక మనిషిని తోలినాడు.

ఆ మనిషి పోయేసరికి కంబం మీద తిరుపతయ్య ఉండాడు. సబ్‌స్టేషనులో స్విచ్చి తీసి వాణ్ని ఎక్కించినారు. గొలుసు చేతిలో ఉండాది, ఇంకా లైనుకు తగిలించల్యా. వాళ్లన్న పోయింది గూడా ఆ గొలుసు తగిలించేటప్పుడే.

పని ముగించుకోని దిగి ఇంటికొచ్చి, నీళ్లు తాగి, తన చేతులు తానే చూసుకుంటా ఏడ్సినాడు వాడు. జరిగిందంతా చెప్పినాడు. నేను జొన్నరొట్టె, పుంటికూర గిన్నెలో పెట్టుకోని ఫ్యాక్టరీకి నడిసినా.

గేటు పక్కన సైకిళ్లు పెట్టే కాడ ఒక్కడే కూర్చోనుండాడు దేవరాజు, చిరిగిన చొక్కాతోనే. ఎవరూ మాట్లాడించేటట్టు లేరు. నన్ను చూసి లేసి నిలబడి తల దించుకున్నాడు. తిడతాననుకున్నాడు పాపం.

"అన్నా" అన్నా. నా నోటినుంచి అది ఎట్లా వచ్చిందో నాకే తెలీదు. "ఈ పొద్దు కంబం మీద ఉండింది మా మరిది."

తలెత్తి నా మొగంలోకి చూసినాడు. "ఇంటికొచ్చినాడా అమ్మా?"

"వచ్చినాడన్నా. ఇంట్లోనే ఉండాడు. నువ్వేమన్నా తిన్నావా?"

ఆయప్ప ఆడనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్సినాడు. నేను పక్కన కూర్చోని, రొట్టె తుంచి చేతిలో పెట్టినా.