రెండు వైపులా ఉన్న ఎక్స్

ఫోన్లు మార్చాను, నంబరూ మార్చాను. ఆ ఒక్క కాల్ మాత్రం ఇన్నేళ్లుగా మోస్తూనే ఉన్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులు. నేనూ స్రవంతీ హైటెక్ సిటీలో ఒకే ఆఫీసు, పక్కపక్క సీట్లు. ఇద్దరం ఎమ్మెస్ ఎంట్రన్స్‌కి చదువుతున్నాం. తన వాళ్లది తాతల కాలం నుంచీ నార్సింగే. నేను పుట్టి పెరిగింది నిజాంపేట, అమ్మానాన్నలది కడప. స్రవంతికి లెక్కలంటే భయం. బంద్ రోజుల్లో కోచింగ్ ఉండదు కాబట్టి ఫోన్లో నేనే చెప్పేదాన్ని.

తన పరీక్షకు రెండు రోజుల ముందు, క్యాంటీన్‌లో అందరి ముందూ అంది: "రాష్ట్రం రానియ్యి, నీ మూట నేనే సదిరి బస్సెక్కిస్త. కడపల మంచిగ కారం దోశ తిను."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఫోన్ చూసుకుంటున్నట్టు తల దించుకుని. పుట్టిన ఊళ్లోనే నన్ను చుట్టాన్ని చేసేసిందని ఒళ్లు మండిపోయింది.

మర్నాడు బంద్. స్రవంతి ఫోన్ చేసింది.

"ఏయ్, జర ఒక్క డౌటే. ఒక దిక్కు ఐదు ఎక్స్, ఇంకో దిక్కు మూడు ఎక్స్. ఏది పెద్దదని అడిగిండు. ఎక్స్ కొట్టేస్తే ఐదే పెద్దది గదా?"

ఎక్స్ మైనస్ కావచ్చు. సున్నా కావచ్చు. నాకు తెలుసు.

"అవును. ఎప్పుడైనా కొట్టేయొచ్చు," అన్నాను.

"నీ కడుపు సల్లగుండ! నిన్నటి మాటకు అలిగినవేమోనని పరేషానైననే."

అలగలేదని పెట్టేశాను. సాయంత్రం దాకా ఫోన్ చేతిలోనే ఉంది. తన నంబర్ తీయడం, మూసేయడం. కోపం ఆ "పరేషాన్" దగ్గరే చల్లారిపోయింది, నిజం చెప్పాలంటే. మరి ఎందుకు చేయలేదు? తప్పెందుకు చెప్పావని అడిగితే ఏం చెప్పాలో తెలియకనా? లేక, ఓడిపోతే చూద్దామనా?

లెక్కల్లో తన స్కోరు బాగా తగ్గింది. అలాంటి ప్రశ్న అసలు వచ్చిందో లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. మళ్లీ రాయనంది. అదే క్యాంటీన్‌లో, నా భుజం మీద చెయ్యేసి, అందరితో అంది: "ఇది మంచిగనే చెప్పింది. నా బుర్రకే ఎక్కలే."

అప్పుడైనా నోరు తెరవాల్సింది. టీ తాగాను.

ఎక్స్ మైనస్ అయితే మూడు ఎక్సే పెద్దది. సున్నా అయితే రెండూ సమానం. ఎక్స్ ఏమిటో తెలియకుండా కొట్టేయకూడదు. ఆ రోజు చెప్పాల్సింది ఇంతే. ఇప్పుడు, తనకు కాకుండా, మీకు చెబుతున్నాను. ఊపిరి కాస్త ఆడుతోంది. దానికీ సిగ్గుగానే ఉంది.

నీ బుర్రలో లోపం లేదు, స్రవంతీ.